ధాన్యకటకము: షష్ఠియా? సప్తమియా?

శాసనములను జదువు మనవారు తఱచుగా వానియందు మూఁడింటినే వెదకుచున్నారు: రాజు పేరు, శకసంవత్సరము, దానమిచ్చిన గ్రామము. ఈ మూఁడును దొరకినంతనే యా ఱాతిని విడిచి మఱియొక ఱాతికిఁ బోవుదురు. చరిత్రకారున కది చాలునేమో కాని సాహిత్యము చదివినవానికిఁ జాలదు. శాసనము మొదట వాక్యము, పిదప సాక్ష్యము. వాక్యమునం దేది ప్రధానము, ఏది విశేషణము, ఏ విభక్తిని కవి యేల యెన్నుకొనెను అను విచారము జరగనిచో నా సాక్ష్యము సగమే మనకుఁ దెలియును. ఈ మాటకు దృష్టాంతముగాఁ గృష్ణాతీరమందలి ధాన్యకటకపురమును బేర్కొను రెండు సంస్కృతశాసనములను బరిశీలింపఁ దలఁచితిని. ఒకటి పల్లవ సింహవర్మను గూర్చినది. రెండవది కోట వంశపు రెండవ కేతరాజు శా. శ. 1104, అనఁగా క్రీ. శ. 1182లో వ్రాయించినది. రెండును బద్యమయ రచనలే. వీనిని గావ్యములుగాఁ జదివినవారు మాత్ర మరుదు.

ఈ పురము పెక్కు సంప్రదాయముల వారికిఁ బవిత్రస్థానము. ఇచ్చటి మహాచైత్యము క్రీస్తునకుఁ బూర్వమే యారంభమై సాతవాహనుల కాలమున శిల్పశోభితమై పెరిగినది. పంచారామములలో మొదటిదిగా గణింపఁబడు నమరారామము నిచ్చటిదే. ఆ శివక్షేత్రమునకు వేణుగోపాలుఁడు క్షేత్రపాలకుఁడు. కాలచక్రతంత్రమును బుద్ధభగవానుఁ డిచ్చటనే యుపదేశించెనని టిబెట్టుదేశపు బౌద్ధుల విశ్వాసము. ఆ విశ్వాసమును బట్టియే 2006 జనవరిలో దలైలామా యిచ్చట కాలచక్రదీక్ష నొసఁగెను. క్రీ. శ. 7వ శతాబ్దమున వచ్చిన చీనాయాత్రికుఁడు హ్యూన్‌త్సాంగు ఈ దేశమునఁ బాడువడిన విహారములను, నిలిచియున్న విహారములను, దేవాలయములను గూడ నేకప్రకరణముననే వర్ణించెను. ఇట్టి యూరు తెలుఁగుదేశమున మఱియొకటి కానరాదు.

మొదట నామవిచారము. ప్రాకృతశాసనములందు ఈ యూరు 'ధంఞకడ' యని కానవచ్చును. సంయుక్తాక్షరమునకు ముందు దీర్ఘము హ్రస్వమగుట ప్రాకృతమున సహజము. కాఁబట్టి యా పదమునకు మూలము ధన్యశబ్దమో ధాన్యశబ్దమో ప్రాకృతరూపమును బట్టి చెప్పుట కవకాశము లేదు. సంస్కృతీకరించిన వారు దీర్ఘమునే గ్రహించి 'ధాన్యకటక' మనిరి. టిబెట్టువారును ధాన్యార్థమునే గ్రహించి దానిని తమ భాషలోనికి వరికుప్ప యను నర్థము వచ్చునట్లు మార్చుకొనిరి. లాసానగర సమీపమున 1416లో స్థాపింపఁబడిన డ్రెపుంగు మఠమున కీ పేరే పెట్టఁబడినది. కృష్ణయొడ్డునఁ బుట్టిన పేరు హిమాలయములు దాఁటియు నర్థమును విడువలేదు. ఇచ్చటి జనులు మాత్ర మర్థమును విడిచి ధ్వనిని బట్టుకొని 'ధరణికోట' యనిరి. పండితునకు రెండును గ్రాహ్యములే.

అమరావతీశబ్దము వేఱొక తెఱఁగు. అమరశబ్దముమీఁద మతుప్ప్రత్యయము రాఁగా, బహ్వచ్కమగు సంజ్ఞాశబ్దమున నంత్యస్వరమునకు దీర్ఘమును బాణిని (6-3-119) విధించెను. కాశికావృత్తికారు లీ సూత్రమున కిచ్చిన యుదాహరణములలో నమరావతియు నొకటి. ఆ యమరావతి యింద్రుని పురము. దీనిని జ్ఞాపకముంచుకొనవలయును, కేతరాజశాసన విచారమునం దిది యుపయోగించును.

ఇఁక సింహవర్మ శాసనము. ఈ రాజు పేరు మా నెల్లూరిసీమ వారికిఁ గ్రొత్తది కాదు. సింహవర్మ నామముగల పల్లవు లొసఁగిన తామ్రశాసనములు కొన్ని యీ తీరభూములకు సంబంధించినవే. ముండరాష్ట్రమును బేర్కొను విలవట్టి శాసన మందులకు సాక్షి. అమరావతీస్తంభమందలి సింహవర్మ యా వంశమున నెన్నవవాఁడను చర్చ కిది తావు కాదు. ఆ స్తంభ మష్టకోణము. బర్జెస్సుదొర త్రవ్వించి దానిని చెన్నపురి ప్రదర్శనశాలకుఁ బంపెను. హుల్‌ష్‌పండితుఁడు దానిని బరిష్కరించి 1890లోఁ బ్రకటించెను. దీని నందఱు చదువునట్లు పైనుండి క్రిందికిఁ జదివినచో నేమియు నన్వయింపదు. క్రిందిపంక్తినుండి పైకిఁ జదివినఁగాని యర్థము రాదని యా పండితుఁడే కనిపెట్టెను. స్తంభముయొక్క పైభాగము విఱిగిపోయినది. కాఁబట్టి మనకు లోపించినది ప్రారంభము గాదు, సమాప్తి.

శాసనము శ్రీఘనుని పాదధూళిని స్తుతించుచు నారంభమగును. అమరకోశము చదువుకొన్న బాలుర కీ శబ్ద మపూర్వము కాదు. స్వర్గవర్గమున దేవాసురుల పిమ్మట, బ్రహ్మవిష్ణుశివుల కంటె ముందుగా, నమరసింహుఁడు చెప్పిన బుద్ధనామములలో నిది చేరియున్నది. పిమ్మట బ్రహ్మనుండి భరద్వాజ ద్రోణాశ్వత్థామల మీఁదుగాఁ బల్లవుని వఱకు వంశక్రమము. అశ్వత్థామకు మదనియను నప్సరసయందుఁ బుట్టిన శిశువు చిగుళ్లచేఁ గప్పఁబడుటవలనఁ బల్లవుఁ డయ్యెనను నిర్వచనము నందే కలదు. ఇంతవఱకు సర్వసామాన్యమైన ప్రశస్తి. అటుపిమ్మటఁ గవి చేసినపనియే గమనింపఁదగినది. సింహవర్మ దిగ్విజయము చేసి మేరుశిఖరమువఱకుఁ బోయి, హరిచందనతరువుల నీడ విశ్రమించి, మరలివచ్చుచు భాగీరథిని, గోదావరిని, కృష్ణవేణిని దాఁటి ధాన్యఘటమను నీ పురమును జేరును. చేరి, యచ్చట నివసింపఁడు, పట్టాభిషిక్తుఁడు కాఁడు, జయించితినని చెప్పఁడు. ఆశ్చర్యముతోఁ జూచును. స్థలమును గాచు దేవతలకు నమస్కరించును. ఏకాంతమున ధర్మము వినును. విని, తానును నిచ్చట మణికనకరజతములతో నలంకృతమగు మూర్తిని చేయింతునని విన్నవించుకొనును. భగవంతుఁడు 'సాధు' వని మెచ్చి, యాతని నుపాసకుఁడా యని సంబోధించి, ప్రత్యుత్తరము చెప్పనారంభించును. అచ్చట ఱాయి విఱిగినది.

దిగ్విజయవర్ణనమునకు మన కావ్యములలో నొక నియమము కలదు: రాజు పోయిన ప్రతిచోట నేదో యొకటి యాతనిది కావలయును. కప్పము, కన్య, కీర్తిస్తంభము, ఏదైన సరే. ఈ శాసనకవి యా నియమమును ధాన్యకటకమునొద్ద నిలిపివైచెను. మేరువువఱకు స్వామిగాఁ బోయినవాఁ డిచ్చట శ్రోతగా నిలుచుచున్నాఁడు. అతనిచే గవి యడిగించినది స్వత్వము కాదు. తానును నిచ్చట నొకటి చేయుట కనుజ్ఞ మాత్రమే. ఆతని వాక్యమునందు సారవంతమైన పదములు రెండు: 'నేనును', 'ఇచ్చట'. మొదటి పద మంతకుముందే యితరు లిచ్చటఁ జేసిరని యొప్పుకొనును. రెండవది సప్తమ్యర్థకము. ఒక క్షేత్రమునకు స్వల్పకాలము వచ్చిపోవువాఁ డెట్లు మాటాడవలయునో యీ రెండు పదములే నేర్పుచున్నవి.

కేతరాజ శాసన మమరేశ్వరాలయమందలి స్తంభముమీఁదఁ గలదు. దాని మొదటి శ్లోకములు దానమును జెప్పవు, రాజును జెప్పవు, పురమును జెప్పును. సురపురముకంటె శ్రేష్ఠమగు శ్రీధాన్యకటకమను పుర మున్నదని మొదటి వాక్యము. పిమ్మట 'యత్ర' యను పదముతో మూఁడు వాక్యములు. ఎచ్చట నమరేశ్వరుఁడగు శంభువు దేవేంద్రునిచేఁ బూజితుఁడో యని మొదటిది. ఎచ్చట సన్నిహితుఁడగు బుద్ధదేవుఁడు ధాతచేఁ బూజితుఁడో యని రెండవది. ఎచ్చట నానాచిత్రములతో నలంకృతమై మిగుల నెత్తయిన చైత్యము గలదో యని మూఁడవది. అంతే.

మొదట నలంకారము చూతము. సురపురముకంటె నధికమనుట వ్యతిరేకము. సురపుర మమరావతియే గదా! 12వ శతాబ్దపుఁ గవి యే పురముకంటె నధికమని ధాన్యకటకమును బొగడెనో, కాలక్రమమున నా పురము పేరే యీ యూరికి వచ్చినది. ఉపమేయ ముపమానముయొక్క పేరును ధరించినది. వాసిరెడ్డి వేంకటాద్రినాయఁడు 18వ శతాబ్దాంతమున నిచ్చటఁ గట్టించిన పట్టణమునకు నా పేరే స్థిరపడినది. 2015లో రాష్ట్రరాజధానికై శంకుస్థాపన జరిగినపుడు నదియే యెన్నుకొనఁబడినది. వ్యతిరేకమున నోడిన పక్షమునకే వ్యవహారమున జయము గలిగినది.

ఇఁక మూఁడు 'యత్ర'లు. శివుని వాక్యమునఁ గవి యమరేశ్వరశబ్దమును రెండుమాఱులు వాడెను. ఒకమాఱు శివునకు సంజ్ఞగా, ఒకమాఱు పూజించు నింద్రునకు. బుద్ధుని వాక్యమున శబ్దచమత్కృతి లేదు; సాన్నిధ్య మొక్కటే చెప్పఁబడినది. చైత్యవాక్యమునఁ బూజకుఁడే లేఁడు. చూచువాని కన్ను మాత్రమే కలదు. నామముచేత శివుఁడు, సాన్నిధ్యముచేత బుద్ధుఁడు, దర్శనముచేతఁ జైత్యము. ఒక్కొకటి తనకుఁ దగిన రీతిని వర్ణింపఁబడినది కాని, యొకదాని కొలతతో మఱియొకటి కొలువఁబడలేదు. శివునకు నింద్రుఁడు, బుద్ధునకు బ్రహ్మ పూజకులగుటవలన హెచ్చుతగ్గులును గలుగలేదు. ఏ వాక్యమును రెండవ దానిపై నాధారపడియుండలేదు; మూఁడును బురమను నొక్క పదముమీఁదనే నిలిచినవి.

ఇచ్చట నా ప్రతిపాదన చెప్పెదను. ఒక క్షేత్రమును గూర్చి రెండు తెఱఁగుల మాటాడవచ్చును. ఇది యెవరిది యనుట యొకటి. అది షష్ఠి, స్వస్వామిభావము. ఇచ్చట నెవరున్నారు అనుట రెండవది. అది సప్తమి, ఆధారాధేయభావము. వస్తువొక్కటియైనచో షష్ఠి యొకరికిఁ జెందఁగా రెండవవాఁడు ప్రతివాది యగును. సప్తమి కా యిబ్బంది లేదు. ఒకే చాపమీఁద నిరువురు కూర్చుండవచ్చును. కేతరాజునకుఁ బ్రశస్తి వ్రాసినకవి షష్ఠిని విడిచి సప్తమినే మూఁడుమాఱు లాశ్రయించుట కాకతాళీయ మని నాకుఁ దోఁపదు.

దీనికిఁ బూర్వపక్షములు మూఁడు రాఁగలవు.

రాజులు సర్వమతములవారికిని దానము లిత్తురు. ఇది రాజనీతి మాత్రమే యని మొదటిది. నిజమే. కేతరాజు బుద్ధునికి గ్రామములను, అఖండదీపములను నొసఁగెను. కాని దానమున కీ పురవర్ణన మావశ్యకము కాదు. ఇచ్చుట రాజనీతి యైన నగునుగాక. ఎట్లు చెప్పవలయునో తెలియుట కవిధర్మము. మనము పరిశీలించునది చెప్పిన విధమును.

ఆ కాలమునకు బుద్ధుఁడు దశావతారములలోఁ జేరియుండెను గాన నిది విష్ణుపూజయే యని రెండవది. ఈ మూఁడు వాక్యములలో నవతారప్రసక్తి లేదు. విష్ణువునే చెప్పఁదలఁచినవాఁడు వెంటనే చైత్యమును వర్ణించుట కేమి ప్రయోజనము?

మూఁడవది బలమైనది. ఇదే కాలమున నిదే సీమలో శైవబౌద్ధ వైరము నెత్తురుపాఱునంత తీవ్రమై యుండలేదా యని. ఉండెను. చందవోలిలో మల్లికార్జున పండితారాధ్యుఁడు బౌద్ధాచార్యునితో వాదించెననియు, ఆ యాచార్యుని బండితుని శిష్యులు చంపిరనియు, రాజు పండితుని కన్నులు తీయించెననియుఁ బాల్కురికి సోమనాథుని పండితారాధ్యచరిత్రము చెప్పుచున్నది. తిక్కన యోరుగంట గణపతిదేవుని సభలో బౌద్ధులను జైనులను వాదమున నోడించెనని సిద్ధేశ్వరచరిత్రము చెప్పును. ఈ కథలను మఱుఁగుపఱచి, యా కాలమంతయు సామరస్యమే యని వ్రాయువారు శాసనమునకు మేలు చేయుట లేదు. ఏకాధికరణత్వము మైత్రి కాదు. ఒకే చాపమీఁదఁ గూర్చున్నవారు కలహింపవచ్చును. సప్తమి మైత్రిని విధింపదు. దాని కవకాశమును మాత్రము మిగుల్చును. షష్ఠి యా యవకాశమును గూడ మిగుల్పదు. పొరుగున నెత్తురు చిందిన కాలమునఁ గవి యీ యవకాశమును నిలిపెను గనుకనే యీ శాసనము గొప్పది.

తిక్కన ప్రసక్తి వచ్చినది గావున నింకొక మాట. మా విక్రమసింహపురమున నాతఁడు పట్టిన త్రోవ వేఱు. ఆతఁడు భారతమును హరిహరనాథున కంకితము చేసెను. హరిహరశబ్దము ద్వంద్వమైనచో ద్వివచనము రావలయును. తిక్కన దేవుఁ డేకవచనాంతుఁడు. అచ్చట నిరువురు లేరు, ఒక్కఁడే. 'సమర్థః' అను పదమును విచారించుచు వైయాకరణులు సామర్థ్యము రెండు విధములని చెప్పుదురు: సమాసమున నేకార్థీభావము, వాక్యమున వ్యపేక్ష. ఏకార్థీభావమునఁ బదములు తమ వేఱ్వేఱు ప్రాధాన్యమును విడిచి యొక్క యర్థముగా నగును. వ్యపేక్షయందుఁ దమ తమ యర్థములను విడువకయే పరస్పరాకాంక్షచే నిలుచును. హరిహరనాథుఁ డేకార్థీభావము, ధాన్యకటకము వ్యపేక్ష. హరిహరులు వేదవిహిత దేవతలగుటచే వారియెడ సమాసము కుదిరినది. శివబుద్ధుల యెడ నట్టి సమాసము కుదురదు; బలవంతముగాఁ గుదిర్చినచో నిరువురలో నెవరో యొకరు లోపింతురు. అందుచేతఁ గేతరాజుకవి సమాసముఁ జేయక వాక్యముగనే యుంచెను. సమాసమునకు సామర్థ్యము లేనిచోట వాక్యమే సాధువు. తిక్కన త్రోవ మహోన్నతమే. కాని యదియొక్కటియే త్రోవ యని యెంచుట సరికాదు.

ఇటీవల నేనును నెల్లూరినుండి పోయి యా యూర నొకదినము మాత్రము నిలిచితిని. అమరేశ్వరుని శ్వేతలింగము మిక్కిలి పొడవైనది; అర్చకులు మీఁది యంతస్తునుండి యభిషేకము చేయుదురు. మహాచైత్యస్థానమున నేఁ డుచ్ఛ్రాయము లేదు. 1797లో మెకంజీదొర చూచునాఁటికే ఱాలు త్రవ్వి కట్టడములకుఁ గొనిపోవుచుండిరి. మిగిలిన శిల్పములు చెన్నపురికి, లండనుకుఁ దరలినవి. కొన్ని యూరనే ప్రదర్శనశాలలోఁ గలవు. 'మిగుల నెత్తయిన' యను విశేషణమునకు విశేష్యము నేఁడు గుండ్రని పునాది మాత్రమే. అచ్చటను నాలయప్రాంగణమునను యాత్రికు లిరుతెఱఁగుల వాదించుకొనుట వింటిని. ఆలయమే మొదట విహార మనువారు కొందఱు. ఆరామశబ్దమును సాక్ష్యముగాఁ జూపుదురు. స్థలము మొదటినుండియు శివునిదే యనువారు కొందఱు; తారకాసురుని కంఠమందలి లింగము భిన్నమై పడిన కథను జూపుదురు. ఆరామశబ్ద మాఙ్పూర్వకమగు రమ్ ధాతువుమీఁద ఘఞ్‌చే సిద్ధించినది; విహారమును, నుపవనమును, విశ్రాంతిస్థానమును జెప్పఁజాలును. శబ్దమొక్కటియే యీ వ్యాజ్యమును దీర్పఁజాలదు. ఇరువాదములును షష్ఠిలోనే నడచుచున్నవి. ఆ ప్రాంగణమందలి స్తంభమే యెనిమిది శతాబ్దములకుఁ బైగా సప్తమిలో మాటాడుచున్నది, చదువువారు లేరు.

షష్ఠిని విడువఁజాలమను భక్తులకుఁ బాణిని యొక సౌకర్యము కల్పించెను. స్వామి, ఈశ్వర, అధిపతి మొదలగు శబ్దముల యోగమున షష్ఠీసప్తము లుభయమును సాధువులే యని యాతఁడు 2-3-39 సూత్రమున విధించెను. గోవులకు స్వామి యనవచ్చును. గోవులయందు స్వామి యనవచ్చును. ఆ పట్టికలో నీశ్వరశబ్దము చేరియుండుట గమనింపుఁడు. కావున నమరేశ్వరుఁ డీ పురమున కీశ్వరుఁడనిన నెంత సాధువో, పురమునం దీశ్వరుఁడనిన నంత సాధువు. రెండవ ప్రయోగమున నీశ్వరత్వమునకు లోపము లేదు. పొరుగువానికి బాధయు లేదు. ఇంతటి విశాలమైన వ్యాకరణము చేతనుండఁగా నిఱుకైన వాక్యముల నేల పలుకవలయును?

పాఠశాలలందుఁ గారకప్రకరణము బోధించు పండితులకు నాదొక విన్నపము. అధికరణమునకుఁ జాప, మోక్షేచ్ఛ, నువ్వులయందలి నూనె యని తరతరములుగా నవే యుదాహరణములు చెప్పుచున్నాము. వానితోఁబాటు కేతరాజ శాసనమందలి 'యత్ర' త్రయమును జెప్పుఁడు. బాలురకు విభక్త్యర్థముతోఁబాటు దేశచరిత్రయు, దేశమున నెట్లు మాటాడవలయునో యా మర్యాదయు నొక్కమాఱే పట్టువడును.

కేతరాజు పెట్టించిన దీపములు కడపటివి కావు. శా. శ. 1156, క్రీ. శ. 1234లో నతవాటి వంశపు బయ్యమాంబ యిచ్చటి బుద్ధదేవునకు దీపము నొసఁగినట్లు శాసనము గలదు. 1344 నాఁటి సింహళదేశపు గడలదెణియ శాసనము, ధర్మకీర్తిస్థవిరుఁడు ధాన్యకటకమున రెండంతస్తుల ప్రతిమాగృహమును బాగుచేయించెనని చెప్పుచున్నది. పిమ్మట బుద్ధుని పేరును, జైత్యమను పేరును జనులు మఱచిరి. మెకంజీదొర వచ్చునాఁటి కా దిబ్బను వారు 'దీపాలదిన్నె' యనుచుండిరి. ఈ పేరున కా దీపదానములే కారణమని నేను సాధింపఁబూనను. పేరును మాత్రము వ్యాకరించి చూపెదను. ఇది షష్ఠీసమాసమే. అయినను దిన్నెకు స్వాములుగా నిందుఁ జెప్పఁబడినవి దీపములు.